పాత ఫాంట్ల లైబ్రరీకి మెయింటెయినర్ కావాలి (పదిహేనేళ్ళు మోశాను, ఇక నా వల్ల కాదు)

కొమ్ముదీర్ఘం | శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. డీటీపీ ఫాంట్లలో ఉన్న పాత తెలుగు ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చే పైథాన్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) ఒకటుంది కదా, అది నాదే, దాని బాగోగులు చూసుకునే మెయింటెయినర్‌నీ నేనే. 2009లో మొదలుపెట్టాను. అప్పుడు విజయవాడలో ఒక చిన్న ప్రెస్‌లో పనిచేసేదాన్ని. వాళ్ళ పుస్తకాలన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళలో ఉండేవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, ప్రశ్నార్థకాలు తప్ప ఏమీ కనిపించేది కాదు. రెండు పుస్తకాలు మారిస్తే చాలనుకుని రాసింది ఇన్నేళ్ళు నడిచింది.

ఇప్పుడు పరిస్థితి ఇది. చివరి రిలీజ్ 2021లో. తెరిచి ఉన్న ఇష్యూలు (జనం పెట్టిన ఫిర్యాదులు) 61. పైథాన్ 3.12లో డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పాత పరికరం) తీసేశారు కాబట్టి నా పాత సెటప్ ఫైల్ ఇన్‌స్టాల్ దగ్గరే పడిపోతోంది. సరిచేయడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు కూర్చోబుద్ధి కావట్లేదు. ఆరోగ్యం బాలేదనో పిల్లల పెళ్ళిళ్ళనో చెప్పొచ్చు గానీ, నిజం చెప్తున్నా, విసుగొచ్చింది.

రీడ్‌మీలో పైన "మెయింటెయినర్ కావలెను" అని పెట్టి పద్నాలుగు నెలలైంది. ముగ్గురు "ఇంటరెస్టెడ్" అని రాసి మాయమయ్యారు. నాలుగో ఆయన మొదటి మెయిల్‌లోనే పైపీఐ (జనం పైథాన్ ప్యాకేజీలు దించుకునే చోటు) పాస్‌వర్డ్ అడిగాడు. అసలు ఇలాంటిదాన్ని వేరేవాళ్ళకి ఎలా అప్పజెబుతారు? చేసినవాళ్ళుంటే చెప్పండి.

బిల్డుఫెయిల్ | శనివారం రాత్రి 11:05

అక్కా, గిట్‌హబ్‌లో (కోడ్ ఉంచే సైట్) ఆర్కైవ్ బటన్ నొక్కేయండి, ఇక చదవడమే తప్ప మార్పులుండవు. మొమెంట్ జేఎస్ (జావాస్క్రిప్ట్‌లో తేదీల లైబ్రరీ) వాళ్ళు 2020లో దాదాపు అలాంటిదే చేశారు, ఇది పాతబడింది, కొత్త ప్రాజెక్టుల్లో వాడకండి అని వాళ్ళ సైట్‌లో వాళ్ళే రాసుకున్నారు. ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే చోటు) రిక్వెస్ట్ ప్యాకేజీ కూడా ఆ ఏడాదే డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దన్నారు. లోకం ఆగిపోలేదు. పదిహేనేళ్ళు ఊరికే చేశారు, ఇంకా మీరు ఎవరికీ బాకీ లేరు.

రాత్రిషిఫ్ట్ | శనివారం రాత్రి 11:31

మొమెంట్‌కి బదులు వాడటానికి నాలుగైదు ఉన్నాయి. దీనికేముంది? పాత ఫైళ్ళకి కొత్త ప్రత్యామ్నాయం ఎవరు రాస్తారు?

కానీ ఆ పాస్‌వర్డ్ అడిగినాయన సంగతి చదివితే నాకు ఎక్స్‌జెడ్ గుర్తొచ్చింది. నేను సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్నాను. 2024 మార్చి 29, గుడ్ ఫ్రైడే, సెలవని ఇంట్లో ఉన్నా. రాత్రి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. తెలియనివాళ్ళ కోసం: ఎక్స్‌జెడ్ అనేది దాదాపు ప్రతి లినక్స్‌లో ఉండే కంప్రెషన్ లైబ్రరీ. ఏళ్ళ తరబడి లాసె కాలిన్ అనే ఆయన ఒక్కడే చూసుకునేవాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి ప్యాచ్‌లు (కోడ్ దిద్దుబాట్లు) పంపడం మొదలుపెట్టారు. 2022లో ముక్కూమొహం తెలియని అకౌంట్ల నుంచి మెయిళ్ళు: ఇంత నిదానమేంటి, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చుగా అని. ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టు అని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ జియా టాన్‌కే హక్కులు వచ్చాయి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందేంటని తవ్వితే బయటపడింది. అర సెకను! మనమైతే నెట్ స్లో అనుకుని టీ తాగడానికి వెళ్ళేవాళ్ళం.

అందుకే, ఎవరికి పడితే వాళ్ళకి తాళాలు ఇవ్వకండి.

కొమ్ముదీర్ఘం | ఆదివారం ఉదయం 6:50

మీరు చెప్పిందే చూడండి. జియా టాన్ మొదటి మెయిల్‌లో పాస్‌వర్డ్ అడగలేదు. రెండేళ్ళు బుద్ధిగా పని చేశాడు. నా నాలుగో ఆయన్ని గుర్తుపట్టడం తేలిక, అసలు ప్రమాదం బాగా పనిచేసేవాడే అయితే నేనెవర్ని నమ్మాలి? నా లైబ్రరీ కోసం రెండేళ్ళు నాటకమాడే దొంగ ఉంటే ఆ దొంగకే ఇచ్చేస్తాను, కనీసం ఇష్యూలు మూస్తాడు.

రాత్రిషిఫ్ట్ | ఆదివారం ఉదయం 7:15

హహ, అది కూడా నిజమే.

కానీ ఒకటి. ఆ దొడ్డిదారి మామూలు సోర్స్ కోడ్‌లో లేదు. అసలు సరుకు టెస్టుల కోసమని పెట్టిన బైనరీ ఫైళ్ళలో దాచారు. దాన్ని బయటికి లాగే స్క్రిప్ట్ ముక్క గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర ఉండే చోటు) లేదు, రిలీజ్ కోసం విడిగా తయారుచేసిన టార్ ఫైల్‌లో మాత్రమే ఉంది. అంటే గిట్‌లో అందరికీ కనిపించేది ఒకటి, జనం దించుకునేది ఇంకొకటి. ఎవరిని నమ్మాలి అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు గానీ, రిలీజ్ ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ వెళ్ళకూడదు అని మాత్రం పెట్టుకోవచ్చు. పైపీఐలో 2023 నుంచి ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది. గిట్‌హబ్‌లో ఉన్న కోడ్ నుంచి అక్కడే బిల్డ్ అయి నేరుగా వెళ్తుంది. ఎవరికీ పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, టోకెన్ ఇవ్వక్కర్లేదు. రిలీజ్‌కి ఇంకొకరు సరే అనాలని కూడా పెట్టొచ్చు.

అరసున్నా | ఆదివారం ఉదయం 9:20

ఎన్‌పీఎంలో 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్యాకేజీది ఇంకా ఘోరం. రాసినాయన దాన్ని వాడటమే మానేశాడు. ఒకడు నేను చూసుకుంటానని మెయిల్ పెడితే ఇచ్చేశాడు. వాడు ఇంకో చిన్న ప్యాకేజీని అందులో కలిపి, కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ వాడేవాళ్ళ తాళాలు కొట్టేయాలని చూశాడు. బయటపడ్డాక జనం తిట్టింది ఎవరిని? ఇచ్చినాయన్ని. అన్నేళ్ళు ఊరికే వాడుకున్నవాళ్ళే. నాకు ఇప్పటికీ ఒళ్ళుమండుతుంది.

ప్యాచ్‌పిల్లోడు | ఆదివారం మధ్యాహ్నం 12:08

మేడం, ఇది చెప్పాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తున్నా. నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నా. పోయిన ఏడాది మీ లైబ్రరీకి పుల్ రిక్వెస్ట్ (పీఆర్, నా మార్పు కలపమని విన్నపం) పెట్టాను. ఆ 3.12 ఇన్‌స్టాల్ సమస్యే. టెస్టులు కూడా రాశాను. ఐదు నెలలు ఎదురుచూశా. ఒక్క కామెంట్ రాలేదు. మర్యాదగా రెండుసార్లు గుర్తుచేశా. తర్వాత ఊరుకున్నా.

కోపంతో చెప్పట్లేదు. మెయింటెయినర్ దొరకట్లేదని మీరంటుంటే, వచ్చినవాళ్ళకి తలుపు తీసేవాళ్ళు లేకపోతే ఎలా దొరుకుతారనిపించింది, అంతే.

బిల్డుఫెయిల్ | ఆదివారం మధ్యాహ్నం 12:15

తమ్ముడూ, ఆవిడేమీ జీతం తీసుకోవట్లేదు. కాస్త చూసుకుని మాట్లాడు.

కొమ్ముదీర్ఘం | ఆదివారం మధ్యాహ్నం 1:40

బిల్డుఫెయిల్ గారూ, అతన్ని ఏమీ అనకండి. ఇప్పుడే వెళ్ళి చూశాను. ఉంది. మెయిల్ కూడా వచ్చింది. గిట్‌హబ్ మెయిళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లోకి వెళ్ళేలా పెట్టుకుని ఆ ఫోల్డర్ తెరవడం మానేశాను. తెరిస్తే టెన్షన్. ఒక పెద్ద కంపెనీ నుంచి, పేరు చెప్పను, "ఇది మాకు అర్జెంటు, మీ ఎస్‌ఎల్‌ఏ ఎంత" అని (అంటే ఎంతసేపట్లో సరిచేస్తారన్న హామీ) అడిగిన మెయిల్ తర్వాత నుంచి అలా అయింది. వాళ్ళకి భయపడి నీ ఉత్తరం కూడా చూడలేదు. తప్పు నాదే బాబూ.

నీ పీఆర్ చదివాను. నాకన్నా శుభ్రంగా రాశావు. కలిపేశాను.

డెబియన్‌దాసు | ఆదివారం మధ్యాహ్నం 3:02

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మా డెబియన్‌లో (అదొక లినక్స్) ఈ తంతుకి పదాలే ఉన్నాయి. ప్యాకేజీ చూసుకునేవాళ్ళు నాకు తోడు కావాలంటే ఆర్‌ఎఫ్‌హెచ్ అని పెడతారు. నేను చూస్తూనే ఉంటా, ఎవరైనా తీసుకుంటే సంతోషం అంటే ఆర్‌ఎఫ్‌ఏ. వదిలేశాను, ఇది అనాథ అంటే "ఓ", ఆర్ఫన్ అన్నమాట. ఎవరైనా దత్తత తీసుకోదలిస్తే ఐటీఏ. అందరికీ కనిపించే జాబితా అది. నామోషీ ఏమీ లేదు, రోజూ ఎవరో ఒకరు వదిలేస్తూనే ఉంటారు.

మీరు రీడ్‌మీలో పెట్టింది "ఓ"కీ "ఆర్‌ఎఫ్‌ఏ"కీ మధ్యలో ఉంది. చదివినవాడికి ఏమనిపిస్తుంది? 61 ఇష్యూలున్న ఇల్లు మొత్తం నా నెత్తిన పడుతుందని. ఎవడొస్తాడు? అదే "క్రారవడి (రవత్తు) వరస తప్పే బగ్ ఒక్కటి చూసిపెట్టండి, పక్కనుండి చెప్తాను" అంటే వస్తారు. ముందు ఒక గది ఊడవమనండి.

ప్రూఫుతాత | ఆదివారం సాయంత్రం 5:30

అమ్మా, నాకు ప్రోగ్రామింగ్ రాదు. రిటైరైన తెలుగు మాస్టారిని. ఆగిపోయిన ఒక సాహిత్య పత్రిక పాత సంచికలు నెట్‌లో పెడుతున్నాం, నలుగురం. మా మనవడు మీ లైబ్రరీతో ఒక పెట్టె చేసిచ్చాడు, అందులో ఫైలు వేస్తే యూనికోడ్ వస్తుంది. ఆర్కైవ్ చెయ్యమని పైన ఎవరో అన్నారు, చదివి గుండె గుభేలుమంది. మా దగ్గర ఇంకా నూట నలభై సంచికలున్నాయి.

డెబియన్‌దాసు గారు అన్న ఆ బగ్గు నాకు బాగా తెలుసు. మీ దాంట్లోంచి వచ్చిన పాఠంలో "రాష్ట్రం" ఎప్పుడూ "రాష్ర్టం" అనే వస్తుంది. "వస్త్రం" అంతే, "వస్ర్తం". నెట్‌లో చాలా చోట్ల ఈ తప్పు కనిపిస్తే ఎవరికీ తెలుగు రాదనుకునేవాణ్ణి, తర్వాత తెలిసింది యంత్రం చేసే తప్పని. ప్రతి సంచికలోనూ ఇవి నేను చేత్తో దిద్దుతున్నాను. దిద్దినవన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టాను. ఆరు వందల పైచిలుకు మాటలు. మీకేమైనా పనికొస్తాయా?

ప్యాచ్‌పిల్లోడు | ఆదివారం సాయంత్రం 5:41

మాస్టారూ!! ఆ నోటుబుక్కు ఫోటోలు తీసి పంపండి. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు ఉంటే అవే టెస్టులు. ప్రస్తుతం మొత్తం లైబ్రరీకి 19 టెస్టులున్నాయి.

తుప్పు_ప్రేమికుడు | ఆదివారం సాయంత్రం 6:10

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాస్తే పోలా? లేకపోతే ఏఐకి ఇస్తే ఒక రాత్రిలో అంతా రాసిపెడుతుంది.

కొమ్ముదీర్ఘం | ఆదివారం సాయంత్రం 6:33

రాస్తుంది. తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారు? మళ్ళీ ఇక్కడే పోస్ట్ పెట్టాలి.

డాలస్_దోసె | ఆదివారం రాత్రి 9:47

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. జెరోధా వాళ్ళు 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ అని పెట్టారు, ఏడాదికి పది లక్షల డాలర్లు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి. రిపోలో ఒక ఫండింగ్ ఫైల్ పెట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే వాళ్ళిచ్చే కనీస మొత్తమే పది వేల డాలర్లు, మనది అంత పెద్దదా అంటే చెప్పలేను. అడగడంలో తప్పు లేదు.

ఇంకో మాట. ఎవరూ ఒప్పుకోకపోతే ఫోర్క్ (కోడ్ నకలు తీసుకుని విడిగా నడపడం) దారి ఎప్పుడూ ఉంది. పైథాన్‌లో బొమ్మల పని చేసేవాళ్ళంతా వాడే పిల్లో అలా పుట్టిందే. దానికి మూలమైన పీఐఎల్ చివరి రిలీజ్ 2009లో. 2010లో ఫోర్క్ చేశారు, తర్వాత పైథాన్ 3కి తెచ్చారు. ఇప్పటికీ కోడ్‌లో ఇంపోర్ట్ పీఐఎల్ అనే రాస్తాం. పేరు మారినా ఇంటిపేరు మారలేదు.

అరసున్నా | ఆదివారం రాత్రి 10:05

ఫోర్క్ అయితే పైపీఐలో పాత పేరు దగ్గరే జనం ఆగిపోతారు. ఆ పేరు కావాలంటే పెప్ 541 (పైపీఐ పేర్ల గురించిన నియమం) కింద అడగాలి. ఓనర్ ఎంతకీ అందుబాటులోకి రాకపోవాలి, ఏడాదిగా రిలీజ్ లేకపోవాలి, ఇంకా ఏవేవో. ఇక్కడ అక్క బతికుండి జవాబిస్తున్నారు కాబట్టి ఆ గోల అక్కర్లేదు. జవాబిచ్చే ఓపిక ఉన్నప్పుడే ఇచ్చేయడం నయం.

డెబియన్‌దాసు | సోమవారం ఉదయం 8:12

కంప్యూటర్ శాస్త్రవేత్త కనూథ్ గారి టెక్ (పుస్తకాల పేజీలు కూర్చే ప్రోగ్రాం) ఏర్పాటు ఇంకా గొప్పది. దాని వెర్షన్ నంబర్ పై విలువకి ఒక్కో అంకె దగ్గరవుతూ వస్తుంది, 3.14, 3.141 అలా. ఆయన పోయాక వెర్షన్ "పై" అని ఖాయం చేసి, మిగిలిన బగ్గులన్నీ ఫీచర్లుగా లెక్కించాలట. ఇది ఆయనే రాసి పెట్టారు. మనకి అంత సీను లేదు గానీ, "నా తర్వాత ఏమిటి" అన్నది ఒక ఫైల్‌లో రాసి ఉంచడం అందరూ చేయొచ్చు.

కొమ్ముదీర్ఘం | బుధవారం రాత్రి 11:20

రెండు రోజులు కనపడలేదు, రాస్తూ కూర్చున్నా. డెబియన్‌దాసు గారి మాట పట్టుకుని, నా బుర్రలో ఉన్నది కాగితం మీద పెట్టాలని మొదలుపెట్టాను. మూడు పేజీలు అయ్యాక 412వ లైను దగ్గర ఆగిపోయాను. అక్కడ ఒక షరతు ఉంది: మామూలు ఖాళీ తర్వాత కొమ్ము ముక్క వస్తే ఆ ఖాళీని మింగెయ్యి. ఎందుకు పెట్టానో గుర్తురాలేదు. కమిట్ మెసేజ్ (మార్పు పక్కన రాసుకునే కారణం) చూస్తే "ఫిక్స్" అని ఉంది. 2011లో నేను రాసుకున్నదే! ఒక గంట నన్ను నేనే తిట్టుకున్నాను.

తర్వాత పాత మెయిళ్ళు వెతికితే దొరికింది. ఆ ఫాంటులో "మ" అన్న అక్షరం ఒక్క ముక్కలో రాదు. "వ" లాంటి ముక్క కొట్టి పక్కన కొమ్ము ముక్క తగిలించాలి. మేం పుస్తకాలు తెచ్చుకున్న ఒక షాపులో టైపు చేసే అబ్బాయికి ఆ రెండు ముక్కలూ మరీ అతుక్కున్నట్టు కనిపించేవట, మధ్యలో స్పేస్ బార్ కొట్టేవాడు. కాగితం మీద అందంగానే వచ్చేది. మార్చినప్పుడు మాత్రం "మామిడి" కాస్తా రెండు చోట్ల విరిగేది. ఒక్క మనిషి అలవాటు కోసం పెట్టిన షరతు అది. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి ఇదేంటి చెత్త అని తీసేస్తే నాలుగు వందల పుస్తకాలు పాడయ్యేవి. ఇలాంటివి ఇప్పటికి పదకొండు దొరికాయి. ఒక్కోదాని పక్కన కథ రాస్తున్నా.

రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన రిలీజ్ పద్ధతి పెట్టాను. రీడ్‌మీలో "మెయింటెయినర్ కావలెను" తీసేసి మూడు చిన్న పనుల పేర్లు రాశాను. ఇక నుంచి ఆదివారం పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా ఆ ఫోల్డర్ తెరుస్తా. గంట దాటితే మూసేస్తా.

ప్యాచ్‌పిల్లోడూ, నీకు ఇష్యూలు మూసే హక్కు ఇచ్చాను. పీఆర్‌లు కలిపే హక్కు ఇంకా ఇవ్వలేదు, ఏమీ అనుకోకు.

ప్యాచ్‌పిల్లోడు | గురువారం ఉదయం 7:03

అనుకోను మేడం, ఎక్స్‌జెడ్ కథ చదివాక ఇచ్చి ఉంటేనే భయపడేవాణ్ణి. 61లో 17 మూసేశా. తొమ్మిది ఒకటే సమస్య, ఐదు పైథాన్ 2వి, మూడు అసలు మన లైబ్రరీవే కావు.

క్యాంపస్ ఇంటర్వ్యూలు మొదలవుతున్నాయి. ఉద్యోగం వచ్చాక ఎంత చేయగలనో తెలీదు. ముందే చెప్తున్నా.

కొమ్ముదీర్ఘం | గురువారం ఉదయం 7:20

ముందే చెప్పావు, అది చాలు. ఆగిపోవాలనిపించిన రోజు ఒక్క లైను రాయి, నాలా ఫోల్డర్‌లో దాక్కోకు.

ప్రూఫుతాత | శుక్రవారం సాయంత్రం 4:45

నోటుబుక్కు మొత్తం మనవడు ఫోటోలు తీసి పంపాడమ్మా. 23వ పేజీ మీద కాఫీ ఒలికింది, అక్కడ "శాస్త్రి" అని చదువుకోగలరు. "శాస్ర్తి గారి షష్టిపూర్తి సంచిక" అని అచ్చేసి నెట్‌లో పెట్టేశాం ఒకసారి. ఆయన కుమారుడు ఫోన్ చేశాడు.

ప్యాచ్‌పిల్లోడు | శనివారం రాత్రి 1:12

మాస్టారి మాటల్లో మొదటి నూట పది టెస్టులుగా ఎక్కించా. క్రారవడి బగ్ దొరికింది. ఆ ఫాంటులో రవత్తు అక్షరానికి ముందే వస్తుంది, మన కోడ్ దాన్ని తీసుకెళ్ళి అక్షరం పక్కన వెంటనే పెట్టేస్తోంది. తర్వాత వచ్చే తవత్తు, టవత్తు దాని వెనక పడుతున్నాయి. మిగతా వత్తులన్నీ అయ్యేదాకా రవత్తుని చేతిలో పట్టుకుని ఉంచేలా మార్చా. "రాష్ట్రం" వచ్చింది, "వస్త్రం" వచ్చింది. "స్త్రీ", "శాస్త్రి" మాత్రం రావట్లేదు. రవత్తు గుడిని దాటి అవతల పడుతోంది. ఎందుకో అర్థం కావట్లేదు, మూడు గంటలైంది.

కొమ్ముదీర్ఘం | ఆదివారం ఉదయం 7:02

పడుకున్నావనుకుంటా. ఆ ఫాంటులో "సి", "సీ"లలో గుడి విడిగా ఉండదు, అక్షరం గుడి కలిపి ఒక్కోటి ఒక్కో ముక్క. నువ్వు రవత్తు దించేటప్పటికే గుడి వచ్చేసి కూర్చుంది. గుళ్ళని విడదీసే టేబుల్ రెండో ఫైల్లో ఉంది, ముందు దాన్ని నడిపించి చూడు. అందులో "ఘీ" దగ్గర ఒక తప్పుంటుంది, అది నేను కావాలని పెట్టిందే, కథ రాసి పెట్టాను, చదవకుండా తీసెయ్యకు.